పాత పోలీసు సిబ్బంది పత్రికల స్కానింగ్: నాలుగేళ్ళుగా వాడుతున్న పరికరాలపై సమీక్ష

కొనబోయేవాళ్ళకు ముందే చెప్పేస్తాను. మీ దగ్గర బైండు చేసిన సంపుటాలుంటే పైనుంచి ఫొటో తీసే స్కానరు తీసుకోండి. విడి సంచికలైతే పేజీని అద్దం మీద బోర్లించి తీసే మామూలు ఫ్లాట్‌బెడ్ చాలు. రెండు రకాలూ ఉంటే రెండూ కావాలి, ఒకదాని పని రెండోది చెయ్యదు. అయితే ఎంత మంచి యంత్రం తెచ్చినా ఏ పేరు ఏ సంచికలో ఏ పేజీలో ఉందో చెప్పే పేర్ల పట్టిక తయారు చెయ్యకపోతే ఆ ఫైళ్ళను మళ్ళీ తెరిచేవాళ్ళుండరు. అందుకే యంత్రాల కంటే పట్టిక గురించే ఎక్కువ రాస్తున్నాను. స్కానర్ల బ్రాండ్లు చెప్పడం లేదు. ఈ తరహావన్నీ ఇంచుమించు ఒకేలా పనిచేస్తాయి.

మాది కోస్తా జిల్లా. రిటైర్డ్ పోలీసు ఉద్యోగుల సంఘం గదిలో రెండు ఇనప బీరువాల నిండా 1960ల నుంచి 80ల చివరిదాకా వచ్చిన పత్రికలున్నాయి. ముందు ఎస్పీ గారి సందేశం, తర్వాత ఛేదించిన కేసుల కథనాలు, బదిలీలు, ప్రమోషన్లు, రివార్డులు, ఆర్మ్‌డ్ రిజర్వ్ వాళ్ళ ఆటల పోటీలు, క్వార్టర్సు పిల్లల పదో తరగతి మార్కులు, కానిస్టేబుళ్ళు రాసిన పద్యాలు, చివర్లో రిటైరైనవాళ్ళు, కాలం చేసినవాళ్ళు. బయటివాళ్ళ కోసం వేసిన పత్రికలు కావివి. న్యూయార్క్ పోలీసులు 1930లో మొదలుపెట్టిన స్ప్రింగ్ 3100 కూడా ఈ కోవదే. అప్పటి వాళ్ళ హెడ్‌క్వార్టర్స్ ఫోన్ నంబరునే పత్రికకు పేరుగా పెట్టుకున్నారు. సర్వీసు రిజిస్టరు ఆఫీసులో ఉంటుంది, ఇంట్లోవాళ్ళకు అందదు. ముప్పై ఏళ్ళు ఖాకీ వేసుకున్న మనిషి పేరు అచ్చులో కనబడే చోటు చాలా కుటుంబాలకు ఈ పత్రిక ఒక్కటే.

ఇక యంత్రాలు. పైనుంచి తీసే స్కానరుకు నిలువు కాడ, దాని కొసన కెమెరా, కింద నల్లటి చాప ఉంటాయి. పుస్తకం తెరిచి పెట్టి కాలితో పెడల్ నొక్కితే రెండు పేజీలూ ఒకేసారి వస్తాయి. బైండు మధ్యలో పేజీ వంగిన చోట లేజరు గీతలు పడతాయి, ఆ వంపును చూసి సాఫ్ట్‌వేర్ పేజీని చదును చేస్తుంది. బైండు విప్పకుండా, వెన్ను విరగ్గొట్టకుండా పని జరిగిపోతుంది కాబట్టి ఈ ఒక్క గుణానికే దీనికి పూర్తి మార్కులు. కుట్టు లోపలికంటా వెళ్ళిపోయిన సంపుటాల్లో మాత్రం లోపలి అంచు అక్షరాలు సాగినట్టు వస్తాయి. అలాంటి చోట చదును చేసే సదుపాయం ఆపేసి, ఒక్కో పేజీకి కింద మడిచిన గుడ్డ ఎత్తుపెట్టి, విడివిడిగా తీస్తేనే బాగుంటుంది. ఆర్టు పేపరు అట్టల మీద పై దీపం మెరుపు పడుతుంది. దాన్ని ఆర్పి పక్క దీపాలతో తియ్యాలి. ఫ్యాను కట్టెయ్యక తప్పదు, మే నెలలో ఇది చిన్న కష్టమేమీ కాదు. వేళ్ళు పేజీ అంచున పెట్టి పట్టుకుంటే తర్వాత సాఫ్ట్‌వేర్ వాటిని చెరిపేస్తుందంటారు. పసుపెక్కిన కాగితం మీద ఆ చెరిపిన చోట మచ్చ తెలిసిపోతుంది, కాబట్టి వేళ్ళు పడకుండా తీయడమే మేలు.

ఫ్లాట్‌బెడ్లలో సన్నగా, యూఎస్‌బీ తీగతోనే కరెంటు తీసుకునే రకం వాడుతున్నాను. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పని సాగుతుంది. మా ఊళ్ళో ఇది పెద్ద సుఖం. ఈ రకంలో ఒక పరిమితి ఉంది: అద్దానికి అంటుకుని ఉన్నదే స్పష్టంగా వస్తుంది, రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా మసకబారుతుంది. బైండు సంపుటాలకు అందుకే పనికిరాదు. పిన్నులు తీసిన విడి సంచికలకు మాత్రం దీన్ని మించింది లేదు.

పిన్నుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. సముద్రపు గాలికి అవి తుప్పుపట్టి, చుట్టూ కాగితాన్ని ఎర్రగా తినేస్తాయి. ఆఫీసుల్లో వాడే పిన్ను రిమూవరుతో లాగితే నడిమి పేజీ చిరిగి చేతికొస్తుంది. సంచికను నడిమి పేజీకి తెరిచి, పిన్ను మడతల కింద పల్చటి మొండి బ్లేడు దూర్చి, ఒక్కో కాలు నిటారుగా లేపి, వెనక్కి తిప్పి వెన్ను వైపునుంచి నెమ్మదిగా తియ్యాలి. తుప్పు పొడిని మెత్తటి కుంచెతో తుడవాలి. స్కానింగ్ అయ్యాక అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలు దారంతో ఒక కుట్టు వేస్తే సంచిక మళ్ళీ సంచికవుతుంది. చిరుగులకు సెల్లో టేపు అంటించొద్దు. ఎప్పుడో ఎవరో అంటించిన టేపులు ఇప్పుడు గోధుమరంగు పట్టీలై, కింది అక్షరాల్ని కూడా మింగేశాయి.

సెట్టింగుల్లో రెండే ముఖ్యం. అక్షరాల పేజీలు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క), రంగులో. కాగితం నలుపు తెలుపే కదా అని బూడిదరంగులో తీస్తే, పక్కన పెన్సిలుతో రాసిన దిద్దుబాట్లు, ఆఫీసు ముద్రలు, తడి మరకలు అన్నీ కలగలిసిపోతాయి. ఫొటోలున్న పేజీలు 600 డీపీఐ. ఆ రోజుల్లో బ్లాకులు చేయించి అచ్చువేసిన ఫొటోలంటే చుక్కల వల. ఆ చుక్కలూ స్కానరు చుక్కలూ ఒరుసుకుని, తక్కువ డీపీఐలో ఫొటో అంతా అలలు అలలుగా వస్తుంది. 600లో తీసి తర్వాత చిన్నది చేస్తే ముఖాలు తేటపడతాయి. అసలు ఫైలు నాణ్యత తగ్గని టిఫ్‌లోనే దాచాలి. ఏ4 పేజీ రంగులో 300 డీపీఐకి దాదాపు 26 ఎంబీ, కాబట్టి 40 పేజీల సంచికకు ఒక జీబీ లెక్కేసుకోండి. హార్డ్ డిస్కులు రెండు, మూడో కాపీ వేరే ఊళ్ళో. ఇంతకంటే దాని గురించి చెప్పేదేం లేదు.

పేజీలు సరిచెయ్యడానికి స్కాన్ టైలర్ అడ్వాన్స్‌డ్ వాడుతున్నాను. ఉచితం. రెండు పేజీల్ని విడగొడుతుంది, వంకర సరిచేస్తుంది, అంచులు సమానం చేస్తుంది. దాని చివరి మెట్టులో పేజీని పూర్తి నలుపు తెలుపుగా మారుస్తుంది. ఇంగ్లీషుకు అది బాగానే ఉంటుంది కానీ సీసపు అచ్చులో సగం అరిగిపోయిన తలకట్లు, సన్నటి ఒత్తులు ఆ దెబ్బకు మాయమవుతాయి. అక్షరాల మందం సర్దే జారుడు పట్టీని కాస్త మందం వైపు జరపండి, ఫొటోలున్న పేజీలకు మిశ్రమ పద్ధతి ఎంచుకోండి. సంచిక మొత్తాన్ని ఒకే సెట్టింగుతో తోసెయ్యడం కుదరదు.

బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్‌కి టెసరాక్ట్ వాడుతున్నాను. 2018లో వచ్చిన నాలుగో వెర్షనుతో, నమూనాలు చూసి నేర్చుకునే న్యూరల్ పద్ధతి చేరింది. తెలుగుకు పనికొచ్చేది అదే. తెలుగూ ఇంగ్లీషూ కలిసిన పేజీకి రెండు భాషలూ ఒకేసారి చెప్పొచ్చు. భాషా ఫైళ్ళలో 'బెస్ట్' అనే రకం ఎంచుకోండి, నెమ్మదిగా నడిచినా ఫలితం మెరుగు. సిరా బాగా పట్టిన పేజీని అది చదివే తీరు చూస్తే నాకు ఇప్పటికీ సంతోషమేస్తుంది. సిరా పల్చబడ్డ పేజీలో మాత్రం ప, వ, ష కలిసిపోతాయి, థ ధ అవుతుంది, భ బ అవుతుంది. పై వరస ఒత్తు కింది వరస అక్షరానికి అతుక్కుంటుంది. వ్యాసాలైతే ఫరవాలేదు, చదివేవాళ్ళు ఊహించుకుంటారు. పేర్ల దగ్గరే చిక్కు. 'భద్రయ్య' అని వెతికే మనవడికి 'బద్రయ్య' దొరకడు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిచినా తెలుగు బాగా వస్తుంది, తెలుగు వికీసోర్సు వాళ్ళు వాడేదీ గూగుల్ ఓసీఆరే. మా పత్రికల్లో చిరునామాలు, కేసుల వివరాలు ఉంటాయి కాబట్టి నేను నా కంప్యూటరు దాటనివ్వడం లేదు.

పేర్ల పట్టిక మనిషి చెయ్యాల్సిందే. ఓసీఆర్ ఇచ్చిన దాన్ని పక్కన పెట్టుకుని, బదిలీల పేజీ, రివార్డుల పేజీ, సంతాపాల పేజీ చూస్తూ ఒక్కో పేరూ స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాలి. సంవత్సరం, నెల, పేజీ, అచ్చులో ఉన్న రూపం, ఇప్పుడు మనం రాసే రూపం, హోదా, నంబరు, స్టేషను, సందర్భం. అచ్చులో ఉన్నదానికీ ఇప్పటి రూపానికీ వేరువేరు గళ్ళు ఎందుకంటే, అప్పట్లో 'యస్.ఐ.', 'యం. సుబ్బా రావు' అని వేశారు, ఇప్పుడు వెతికేవాళ్ళు 'ఎస్.ఐ.', 'ఎం. సుబ్బారావు' అని కొడతారు. ఇంకో సూక్ష్మం: 'ఆర్మ్‌డ్' లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక విడదీత గుర్తు ఉంటుంది. ఒకరు దాంతో టైపు చేసి, ఇంకొకరు అది లేకుండా వెతికితే ఫలితం సున్నా. వెతికే గడి కోసం ఆ గుర్తుల్ని మొత్తం తీసేసిన నకలు ఒకటి ఉంచండి.

కానిస్టేబులుకు పేరు కంటే నంబరే గట్టి గుర్తు అనుకుంటారు. పాతవాళ్ళు కూడా 'పీసీ 618' అనే తలుచుకుంటారు. కానీ జిల్లా మారితే నంబరు మారుతుంది, ఖాళీ అయిన నంబరు కొత్తగా చేరినవాళ్ళకు వెళుతుంది. కాబట్టి నంబరు, జిల్లా, సంవత్సరం మూడూ కలిస్తేనే మనిషి. జిల్లాలు కూడా కదులుతూ వచ్చాయి. ప్రకాశం 1970లో పుట్టింది. 1965 సంచికలో ఒంగోలు స్టేషను వాళ్ళంతా గుంటూరు జిల్లా కిందే ఉంటారు. విజయనగరం 1979లో ఏర్పడింది. 2022లో పుట్టిన జిల్లాల పేర్లతో వెతికేవాళ్ళు ఇప్పుడు వస్తున్నారు. అందుకని స్టేషను గడినే ఆధారంగా పెట్టుకుని, జిల్లాని అప్పటిది ఒకటి, ఇప్పటిది ఒకటి రాస్తున్నాం.

ముందు ఏ సంచికలు చెయ్యాలని అడిగితే అక్టోబరువి అంటాను. 1959 అక్టోబరు 21న లడాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు చనిపోయారు. ఆ రోజునే దేశమంతా పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతున్నారు కాబట్టి ఆ నెల సంచికలో విధుల్లో పోయినవాళ్ళ పేర్లుంటాయి. తర్వాత ఉగాది సంచికలు. సేవా పతకం, ఉత్తమ సేవా పతకం, కఠిన సేవా పతకం వచ్చినవాళ్ళ జాబితాలు అందులో దొరుకుతాయి. ఒకావిడ, హెడ్ కానిస్టేబులు గారి కోడలు, పతకం కాగితం తుఫానులో పోయిందని వచ్చారు. "మామయ్య గారి పేరు ఎక్కడైనా ఉందేమో చూస్తారా బాబూ, ఆయన అడిగీ అడిగీ పోయారు" అన్నారు. పట్టికలో ఇంటిపేరు కొడితే పేజీ దొరికింది. ప్రింటు తీసి ఇచ్చాను. ఓసీఆర్ ఆ ఇంటిపేరును తప్పుగా చదివింది. చేత్తో ఎక్కించి ఉండకపోతే ఆవిడ ఉత్త చేతులతో వెళ్ళేవారు.

ఇప్పుడు ఏ యంత్రమూ చెయ్యలేని పని. ప్రతి సంచికలోనూ ఒక గ్రూపు ఫొటో ఉంటుంది. కింద 'కూర్చున్నవారు ఎడమ నుండి కుడికి' అని ఎస్పీ గారు, డీఎస్పీలు, ఆర్.ఐ. (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) పేర్లు వరసగా ఇచ్చి, 'నిలబడినవారు: సిబ్బంది' అని ముగించేస్తారు. నాకు ఈ పనిలో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ ఒక్క మాట. నిలబడినవాళ్ళు ముప్పై, నలభై మంది ఉంటారు. ఫొటోను 600 డీపీఐలో తీసి, ఏ3 సైజులో ప్రింటు వేసి, ఒక్కో తల పక్కన అంకె వేసి పెద్దవాళ్ళ ముందు పెడితే గుర్తుపడుతున్నారు. టోపీ పెట్టిన తీరు బట్టి, చెవులు బట్టి చెప్తారు. ఒకరు చెప్పింది ఇంకొకరు వేరుగా ఒప్పుకున్నాకే పట్టికలో ఎక్కిస్తున్నాం, అదీ 'గుర్తుపట్టినది' అని విడిగా రాసి.

జనంలో పెట్టే కాపీకి కొంత కత్తిరింపు తప్పదు. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టకూడదనే 228ఏ సెక్షను ఐపీసీలో చేరింది 1983లో. అంతకుముందు కథనాల్లో అమ్మాయి పేరు, ఊరు, తండ్రి పేరు కూడా అచ్చు వేశారు. ఇప్పుడు అదే నిబంధన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షనులో ఉంది. అలాంటి చోట నల్ల పట్టీ వేస్తాను. పట్టీ బొమ్మ మీద ముందు వేసి, ఆ తర్వాతే ఓసీఆర్ నడపాలి. తయారైన పీడీఎఫ్ మీద పట్టీ అంటిస్తే కింద దాగి ఉన్న అక్షరాల పొర అలాగే మిగిలి, వెతికితే పేరు దొరికిపోతుంది. ఇది చాలామంది గమనించరు. కొన్ని తెగల్ని పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన నేరస్థ తెగల చట్టం 1952లోనే రద్దయినా, ఆ తర్వాతి సంచికల్లోనూ స్టూవర్టుపురం ఎరుకల వాళ్ళను కులం పేరుతోనే నేరస్థులని రాసిన వాక్యాలు ఉన్నాయి. వాటిని చెరపడం లేదు. శాఖ అప్పట్లో ఎలా ఆలోచించిందో తెలియాలి. ఆ పేజీకి ముందు మా వివరణ పెడుతున్నాం, కేడీలని పేరుపెట్టి రాసిన మనుషుల పేర్లు మాత్రం మూసేస్తున్నాం. వాళ్ళ పిల్లలు అవే ఊళ్ళలో బతుకుతున్నారు.

కాపీరైటు సంగతి రెండు ముక్కల్లో: ప్రభుత్వ ప్రచురణకు అచ్చయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్ళు. 1962 సంచికకు 2022 చివరితో తీరిపోయింది. కానిస్టేబులు సొంతంగా రాసుకున్న పద్యం ఉద్యోగంలో భాగం కాదు, దానికి ఆయన పోయాక 60 ఏళ్ళ లెక్క. వారసుల్ని అడిగి పెడుతున్నాం, కాదన్నవాళ్ళు ఇంతవరకు ఎదురవలేదు.

కొత్తగా మొదలుపెట్టే సంఘాలకు నా సలహా, ఖరీదైన స్కానరు జోలికి పోకుండా మధ్యరకంతో సరిపెట్టుకుని, మిగిలిన డబ్బుతో పేర్లు ఎక్కించే ఒక పిల్లనో పిల్లాడినో పెట్టుకోండి. మేం ఈసారి లైఫ్ సర్టిఫికెట్లు ఇవ్వడానికి పెన్షనర్లు వచ్చే రోజుల్లో ట్రెజరీ దగ్గరే టేబుల్ వేసి ఫొటోలు పరుస్తున్నాం. 1970ల పరేడ్ ఫొటోలు ముందు. వాటిలో నిలబడిన కుర్రాళ్ళలో చాలామందికి ఇప్పుడు 70 దాటాయి.