బీఎండబ్ల్యూలో చిన్న కారా, మధ్యరకమా? 2 సిరీస్, ఎక్స్1, ఐఎక్స్1, 3 సిరీస్‌లలో ఏది మేలు

50 లక్షలకు కాస్త అటూ ఇటూగా బీఎండబ్ల్యూ చూస్తున్నవారికి షోరూములో ముందుగా కనిపించేవి 2 సిరీస్ గ్రాన్ కూపే, ఎక్స్1, దాని ఎలక్ట్రిక్ రూపం ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం పెంచినది). ఇంకో పది, పన్నెండు లక్షలు పెట్టగలిగితే మధ్యరకం కారు 3 సిరీస్ లాంగ్ వీల్‌బేస్. ముందే చెప్పేస్తాం: తెలంగాణలో ఉంటూ, సొంత పార్కింగులో చార్జర్ పెట్టుకునే వీలుంటే ఐఎక్స్1 తీసుకోండి. ఆ వీలు లేకపోతే, డబ్బు సర్దుబాటయితే 3 సిరీస్. ఎక్స్1 డీజిల్ హైవే మీద ఎక్కువ తిరిగేవారికి. 2 సిరీస్ ఇద్దరికే సరిపోయే కారు.

వెనక సీటుతో మొదలుపెడదాం, ఎందుకంటే మన ఇళ్లలో కారు కొన్న నెలకే గొడవ వచ్చేది అక్కడే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2 సిరీస్‌లో 2,670 మిల్లీమీటర్లు, ఎక్స్1లో 2,692, ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్‌లో 2,800, 3 సిరీస్ లాంగ్ వీల్‌బేస్‌లో 2,961. 2 సిరీస్ పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి పొడగరికి తల తగులుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు అంత కిందికి వంగి ఎక్కలేరు, దిగలేరు. ఎక్స్1, ఐఎక్స్1లలో సీటు ఎత్తుగా ఉంటుంది, కుర్చీలో కూర్చున్నట్టే కూర్చోవచ్చు. అయితే ఐఎక్స్1 బ్యాటరీ నేల కింద ఉంటుంది కాబట్టి, వెనక కూర్చున్నప్పుడు తొడలకు ఆనిక ఎంత దొరుకుతోందో పదిహేను నిమిషాలు కూర్చుని చూడండి. 3 సిరీస్‌లో కాళ్లు చాపుకోవచ్చు, కానీ ఇంజను శక్తి వెనక చక్రాలకు వెళ్లే కారు కావడంతో నేల మధ్యలో ఉబ్బు ఎత్తుగా ఉంటుంది. వెనక ముగ్గురు కూర్చుంటే మధ్యవారికి ఇబ్బందే.

నడిపేవారికి తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 2 సిరీస్, ఎక్స్1, ఐఎక్స్1 మూడూ ముందు చక్రాలతో నడిచేవే. 2025 జులైలో వచ్చిన 2 సిరీస్‌లో 1.5 లీటర్ల మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజను ఉంటుంది, శక్తి 156 హార్స్‌పవర్. 3 సిరీస్ 330ఎల్ఐలో 2 లీటర్ల నాలుగు సిలిండర్లు, 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం). గేర్లు కూడా వేరు. అన్నిట్లోనూ ఆటోమేటిక్కే, కానీ 2 సిరీస్, ఎక్స్1లలో రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, 3 సిరీస్‌లో క్లచ్ బదులు ద్రవంతో శక్తి అందించే ఎనిమిది గేర్ల టార్క్ కన్వర్టర్. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో అడుగడుగునా ఆగుతూ పోయేటప్పుడు రెండోదే నున్నగా కదులుతుంది. డ్యూయల్ క్లచ్ కారును ఫ్లైఓవర్ ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కి నిలబెట్టకండి, క్లచ్ వేడెక్కుతుంది. ఆగినప్పుడు బ్రేకును కారే పట్టి ఉంచే ఆటో హోల్డ్ వాడండి.

ఎక్స్1 డీజిల్ (150 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్లు) మంచి కారు, కానీ రోజూ ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగు కిలోమీటర్లు తిరగడానికి కాదు. పొగగొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి పేరుకుంటుంది. అది కాలిపోవాలంటే కారు ఒకే వేగంతో ఇరవై నిమిషాల పైన పరుగెత్తాలి. మధ్యలోనే ఇంజను ఆపేస్తూ ఉంటే మసి కాలదు, పైగా దాన్ని కాల్చడానికి పంపిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ పల్చబడుతుంది. వారానికి ఒకసారయినా అవుటర్ రింగ్ రోడ్డెక్కేవారికి ఈ బాధ ఉండదు.

ఐఎక్స్1 వైపు మొగ్గడానికి అసలు కారణం పన్ను. 2025 జనవరిలో దాని ఎక్స్‌షోరూం ధర 49 లక్షలు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. అదే ధర ఉన్న పెట్రోలు కారుకు జీవితపన్ను 18 శాతమే వేసుకున్నా 8.8 లక్షలవుతుంది. జీఎస్టీ కూడా ఎలక్ట్రిక్‌కు 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం చేశారు కదా అంటారేమో, ఆ లెక్కకు కారు పొడవు 4 మీటర్లు దాటకూడదు. ఈ పెట్రోలు, డీజిల్ బీఎండబ్ల్యూలన్నీ దాటేస్తాయి, 40 శాతం కట్టాల్సిందే.

ఇక చార్జింగ్. బ్యాటరీ 66.4 యూనిట్లు. 11 కిలోవాట్ల ఇంటి చార్జర్‌తో సుమారు ఆరున్నర గంటల్లో నిండుతుంది, కానీ దానికి త్రీ ఫేజ్ కనెక్షన్ కావాలి. మంజూరైన లోడు 3, 4 కిలోవాట్లే ఉంటే ముందు దాన్ని పెంచమని దరఖాస్తు చేయాలి. అపార్ట్‌మెంటయితే మీటరు నుంచి మీ పార్కింగుకు కేబుల్ లాగడానికి సంఘం అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే బుకింగ్ డబ్బు కట్టండి. మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌తో రాత్రి పది గంటలు పెడితే వచ్చేది 22, 25 యూనిట్లు, అంటే సుమారు 130 కిలోమీటర్లు. ఊళ్లో తిరగడానికి చాలు. కంపెనీ చెప్పే 531 కిలోమీటర్లు ప్రయోగశాల లెక్క. హైవే మీద ఏసీతో 380 అనుకుని బయల్దేరండి. హైదరాబాద్ నుంచి విజయవాడ చేరడానికి ఇబ్బంది లేదు, విశాఖ అయితే మధ్యలో వేగంగా చార్జయ్యే స్టేషన్‌లో కనీసం అరగంట ఆగాలి.

3 సిరీస్ ఖాయం చేసుకునేవారు రెండు విషయాలు చూసుకోవాలి. చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి, నలుగురు ఎక్కితే ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌కు కారు అడుగు తగలొచ్చు. ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించి దించాలి. టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా వెళ్లకుండా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మీ వీధి బ్రేకర్ల మీదే నడపండి. రెండోది, స్టెప్నీ ఉందా లేదా అన్నది. రన్‌ఫ్లాట్ టైర్లు వేసి ఉంటే పంక్చరయ్యాక కూడా 80 కిలోమీటర్ల వేగం దాటకుండా మరో 80 కిలోమీటర్లు పోవచ్చు. కానీ వాటి పక్కగోడ గట్టిది, గుంతలో గట్టిగా పడితే బుడగ లేచి టైరే మార్చాలి. బీమాలో టైర్ల కవర్ విడిగా అడగండి. పెట్రోలు, డీజిల్ కార్లకు ఇంజన్ కవర్ కూడా. వాననీటిలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ కవర్ లేని పాలసీ దాని ఖర్చు ఇవ్వదు.

ఐఎక్స్1 తీసుకునేవారు డెలివరీ తేదీని డీలరుతో రాయించుకోండి. పన్ను మినహాయింపుకు లెక్కలోకి వచ్చేది బుకింగ్ తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీ.