షార్ట్ బెడ్ ట్రక్‌కి ఆటో స్లైడర్ హిచ్: అంతా బాగుంది, ఆ ప్లేటు తప్ప

ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (ముందు భాగం ట్రక్ బెడ్ మీద, అంటే వెనక సామాన్ల తొట్టి మీద కూర్చునే పెద్ద క్యాంపింగ్ ట్రైలర్) లాగేవాళ్లకి హిచ్ అంటే, ఆ రెంటినీ కలిపే కొక్కెం అంటే, ఏమిటో చెప్పక్కర్లేదు. ఎన్ని పౌండ్లు మోస్తుంది, వారంటీ ఎంత అన్నవి కంపెనీ కాగితంలోనే ఉంటాయి. నా గోలంతా ఆ కాగితంలో ఎవరూ ఆగి చదవని ఒక ఇనప ప్లేటు గురించి. దాని పేరు క్యాప్చర్ ప్లేట్. మలుపుల్లో దానంతట అదే వెనక్కి జరిగే ఆటో స్లైడర్ హిచ్ కొన్నేళ్లుగా వాడుతున్నాను. హిచ్ అంటే ఇష్టమే. ప్లేటు అమ్మిన షాపు మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

నా ఇబ్బందులు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఎంపిక అంతా వాటి వల్లే. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇద్దరు పిల్లలు. ఇండియా నుంచి అమ్మా నాన్నా వస్తే ఆరుగురం. కాబట్టి రెండు వరసల సీట్లున్న క్రూ క్యాబ్ తప్పదు. దానికి 8 అడుగుల బెడ్ కూడా పెడితే బండి పొడవు 22 అడుగులు దాటుతుంది, మా డ్రైవ్‌వేలో వెనక భాగం ఫుట్‌పాత్ మీదకి వస్తుంది. అలా వస్తే హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల సంఘం) వాళ్లు ఊరుకోరు. అందుకని ఆరున్నర అడుగుల బెడ్ తీసుకున్నాను. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

చిక్కు ఏమిటంటే లెక్క. మా ట్రైలర్ వెడల్పు 8 అడుగులు, అంటే 96 అంగుళాలు. ట్రైలర్ ముక్కు కింద ఉండి హిచ్‌లో దిగే లావు ఇనప పిన్‌ని కింగ్‌పిన్ అంటారు. అది సరిగ్గా మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి ముందు మూలకి అడ్డంగా 48 అంగుళాలు. కింగ్‌పిన్ ట్రక్ వెనక ఇరుసు పైన కూర్చోవాలి. షార్ట్ బెడ్‌లో అక్కడి నుంచి క్యాబ్ వెనక అద్దానికి నలభై పైచిలుకు అంగుళాలే ఉంది. ట్రైలర్ 90 డిగ్రీలు తిరిగితే దాని మూల అద్దంలోంచి లోపలికి వచ్చేస్తుంది. ఈమధ్య ట్రైలర్ల ముక్కు మూలలు గుండ్రంగా చెక్కి కొంత నయం చేశారు గానీ, ఆ నమ్మకంతో వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని రివర్స్ చేసే ధైర్యం నాకు లేదు.

దీనికి మార్గాలు చాలానే ఉన్నాయి. ఫిక్స్‌డ్ (కదలని) హిచ్ పెట్టుకుని, ట్రైలర్‌కి కింగ్‌పిన్‌ని పట్టి ఉంచే పిన్ బాక్స్ మార్చుకోవచ్చు. సైడ్‌వైండర్ లాంటి పిన్ బాక్స్ అయితే ట్రైలర్ ఏ బిందువు మీద తిరుగుతుందో దాన్నే వెనక్కి జరుపుతుంది. మనమే వెనక్కి జరుపుకునే మాన్యువల్ స్లైడర్ చౌక. ఆండర్సన్ వాళ్ల అల్యూమినియం హిచ్ ఒక మనిషి చేత్తో ఎత్తి పక్కన పెట్టేంత తేలిక. కన్సస్‌లో తయారయ్యే బీ అండ్ డబ్ల్యూ కంపానియన్ హిచ్ గురించి చెడు మాట అన్నవాళ్లు నాకు తగల్లేదు. హ్యూస్టన్‌లో ఉండే మా బావమరిది అదే వాడతాడు. "బావా, ఇంత ఆలోచన దేనికి? లాంగ్ బెడ్ కొను, ఫిక్స్‌డ్ హిచ్ వేసుకో, మర్చిపో" అన్నాడు. వాడికి ఎకరం స్థలం ఉంది. అన్ని సలహాలూ ఆ ఎకరంలోంచే ఇస్తాడు.

మాన్యువల్ స్లైడర్ ఎందుకు వద్దనుకున్నానంటే, మలుపు వస్తుందని ముందే తెలియాలి. తెలిస్తే బండి ఆపి, దిగి, లివర్ లాగి, ట్రైలర్ బ్రేకులు పట్టి ఉంచి, ట్రక్‌ని మెల్లగా ముందుకి కదిపితే హిచ్ వెనక్కి జరుగుతుంది. పని అయ్యాక మళ్లీ ఇదంతా తిరగేసి చేయాలి. క్యాంప్‌గ్రౌండ్‌లో చీకటి పడ్డాక, వెనక ఇంకో రెండు బళ్లు ఆగి లైట్లు కొడుతుంటే, ఈ తతంగం గుర్తుంటుందా?

ఆటో స్లైడర్‌లో ఆ గొడవ లేదు. ట్రక్ మలుపు తిరిగే కొద్దీ హిచ్ తల దానంతట అదే వెనక్కి జరుగుతుంది, బండి తిన్నగా రాగానే ముందుకి వచ్చేస్తుంది. కరెంటు లేదు, స్విచ్ లేదు. ట్రైలర్ పిన్ బాక్స్‌కి బిగించిన ప్లేటు హిచ్ తలని ట్రైలర్‌తోపాటే పట్టి ఉంచుతుంది. కింద ట్రక్ తిరుగుతుంటే గాడి తలని వెనక్కి నెడుతుంది. అంతే సంగతి.

దీని గొప్పతనం పాలో డ్యూరో కాన్యన్‌లో తెలిసింది. అమరిల్లోకి దక్షిణంగా ఉన్న స్టేట్ పార్క్ అది. లోపలికి దిగే రోడ్డే 10 శాతం వాలు. బ్రేకుల వాసనతో కిందికి చేరేసరికి పొద్దు వాలింది. మాకిచ్చిన సైట్‌కి ఒక పక్క చెట్టు, ఇంకో పక్క కరెంటు స్తంభం, ఎదురుగా రోడ్డు అవతల అంచున రాళ్లు. ట్రక్‌ని ట్రైలర్‌కి దాదాపు అడ్డంగా తిప్పితే తప్ప లోపలికి పోదు. మా ఆవిడ బయట నిలబడి "ఏవండీ, ఆపండి, అద్దానికి తగులుతుంది!" అని అరుస్తూనే ఉంది. నేను మిర్రర్‌లో చూస్తున్నాను. ట్రైలర్ మూల దగ్గరికి రావాల్సింది పోయి, అదే దూరంలో అలా పక్కకి జరిగిపోయింది. ఒక్కసారి కూడా దిగకుండా సైట్‌లో పెట్టేశాను. ఆ రాత్రి ఎంత సంబరపడ్డానంటే, ఫోన్ చేసి మరీ మా బావమరిదికి చెప్పాను.

ఆ ఏడాదే జులైలో కొలరాడో బయల్దేరాం. హైవే 287 మీద చిల్డ్రెస్ దాటి, మెంఫిస్ రాకముందు (టెనెసీది కాదు, టెక్సాస్‌లోనే ఇంకో చిన్న ఊరు) ట్రక్ డాష్‌బోర్డులో బ్యాటరీ దీపం వెలిగింది. కాసేపటికి ఏసీ పోయింది, స్టీరింగ్ బిగుసుకుంది. ఎలాగో రోడ్డు పక్క షోల్డర్ మీదకి లాగి ఆపాను. ఆల్టర్నేటర్ పోయింది. అది పాడవడంలో వింతేమీ లేదు, ఏ బండికైనా పోతుంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే రెండు బళ్లు పంపుతామన్నారు. ట్రక్‌కి ఫ్లాట్‌బెడ్, ట్రైలర్‌కి ఫిఫ్త్ వీల్ హిచ్ ఉన్న ఇంకో ట్రక్.

ఫ్లాట్‌బెడ్ ముందొచ్చింది. ట్రైలర్‌కి దాని బ్యాటరీ దానికుంది కాబట్టి కాళ్లు దించి బరువు ఎత్తాం, హిచ్ విప్పాం, టెయిల్‌గేట్ దించాం, విన్చ్‌తో మా ట్రక్‌ని ముందుకి లాక్కుని ఎక్కించుకున్నాడు. ఇంతవరకూ బాగానే నడిచింది. రెండో బండి డ్రైవర్ అరవై దాటిన మనిషి, నిదానస్తుడు. ట్రక్‌ని ట్రైలర్ కిందికి రివర్స్ చేస్తూ సగంలో ఆపి దిగాడు. వంగి పిన్ బాక్స్ కింద టార్చి వేసి చూశాడు. "బాబూ, ఇది నా హిచ్‌లో దిగదు" అన్నాడు.

దిగదంటే నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత నేనూ వంగి చూస్తే తెలిసింది. కింగ్‌పిన్ చుట్టూ ఆ క్యాప్చర్ ప్లేటు బిగించి ఉంది. మన గొళ్లేనికి మన తాళమే పట్టాలన్నట్టు, దాన్ని తీస్తే తప్ప మామూలు హిచ్ ఏదీ ఆ పిన్‌ని పట్టుకోలేదు. బలవంతంగా తోస్తే హిచ్ దవడలు పిన్‌ని సరిగ్గా పట్టకుండానే పట్టినట్టు కనిపిస్తాయి. అలా పై పైన తగులుకుని రోడ్డు మీద ఊడిపోయిన ట్రైలర్లు బెడ్ అంచుల్ని నుజ్జు చేసిన ఫోటోలు ట్రైలర్లు లాగేవాళ్లందరూ చూసినవే. ఆయన కూడా చూసే ఉంటాడు. ప్లేటు ఉండగా తగిలించనని ఖరాఖండీగా చెప్పేశాడు. ఆ మాటకి ఆయన్ని మెచ్చుకోవాలి.

ఇక తీయడమే. ఎండ 100 ఫారెన్‌హీట్ దాటింది, చుట్టూ పత్తి చేలు, నీడ అన్న మాటే లేదు. లారీలు పక్క నుంచి పోతుంటే ట్రైలర్ ఊగుతోంది. బోల్టులకి బిగించేటప్పుడే లాక్‌టైట్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) పూశారు, పైన గ్రీజు, ఆ గ్రీజులో దారిపొడవునా పేరుకున్న దుమ్ము. నా టూల్ బాక్స్ ఎక్కడుంది? ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కిన ట్రక్ వెనక సీటు కింద, చిల్డ్రెస్ వైపు వెళ్లిపోయింది. ఆయన దగ్గరున్న సాకెట్లతో, ఒక ఇనప పైపు తొడిగి పొడుగు చేసుకుని, ట్రైలర్ ముక్కు కింద చతికిలబడి ఇద్దరం మార్చి మార్చి తిప్పాం. చివరి బోల్టు తల కాస్త గుండ్రబడింది కూడా. పిల్లలు ట్రైలర్‌లో జనరేటర్ వేసుకుని ఏసీలో కూర్చున్నారు. మా ఆవిడ దారికని చేసిన పులిహోర ఆయనకి పెట్టింది. కారంగా ఉందంటూనే రెండోసారి అడిగాడు.

ప్లేటు ఊడి వచ్చాక పని చిటికెలో అయింది. పిన్ దిగింది, దవడలు మూసుకున్నాయి, ట్రైలర్ బ్రేకులు పట్టి ముందుకి ఒకసారి లాగి చూశాడు, కదల్లేదు. ఊళ్లో ఒక ఆర్వీ పార్క్‌లో దింపి వెళ్లాడు. ట్రక్ మర్నాడు బాగైంది. మళ్లీ ప్లేటు బిగించడం ఇంకో పని. అది పిన్ బాక్స్‌కి తిన్నగా కూర్చోవాలి, బోల్టులు కంపెనీ చెప్పిన టార్క్‌కే (అంత బలంతోనే) బిగించాలి. ఆటో పార్ట్స్ షాపులో టార్క్ రెంచ్, కొత్త బోల్టులు కొనుక్కుని వచ్చి బిగించాను.

నా కోపం ఎందుకంటే, ఈ ప్లేటులో రెండు రకాలున్నాయి. ఒకటి బోల్టులతో శాశ్వతంగా బిగించేది. రెండోది కావాలంటే ఊడదీసి మళ్లీ తగిలించుకునేది, ధర కొంచెం ఎక్కువ. హిచ్ అమర్చిన షాపువాడు రెండో దాని పేరైనా ఎత్తలేదు. తిరిగొచ్చి అడిగితే "మీ ట్రైలర్ మీరే కదా లాగేది" అన్నాడు. నిజమే, నేనే లాగుతాను. కానీ ట్రైలర్‌ని బేరింగుల సర్వీసుకి ఇస్తే డీలర్ యార్డులో వాళ్ల ట్రక్ లాగాలి. ట్రక్ చెడిపోతే ఎవరో ఒకరు లాగాలి. నాకు ఒంట్లో బాగోకపోతే మా బావమరిది లాగాలి. రేపు అమ్మితే కొన్నవాడు లాగాలి. అక్కడ ఫిక్స్‌డ్ హిచ్‌దే పైచేయి. ఎవరి ట్రక్ అయినా వచ్చి తగిలించుకుపోవచ్చు.

ఇప్పుడు ఊడదీసే ప్లేటు వేయించాను, బాగుంది. ఈ ప్లేట్లు పిన్ బాక్స్ మోడల్‌ని బట్టి వేర్వేరు, కాబట్టి ట్రైలర్ ముందు భాగంలో ఉన్న ఆ మోడల్ నంబరు ఫోటో తీసి పెట్టుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. ట్రైలర్ మారిస్తే ప్లేటు కూడా మారొచ్చు. తిరిగే రకం పిన్ బాక్స్ మీ ట్రైలర్‌కి ఇప్పటికే ఉంటే ఆటో స్లైడర్ ఆలోచన పక్కన పెట్టండి, రెండూ కలిసి పనిచేయవు.

పాలో డ్యూరో సంబరం గురించి పైన రాసింది అబద్ధం కాదు గానీ, కొంత తగ్గించి చదువుకోండి. అలాంటి మలుపు తరచూ రాదు. వెళ్లినవాటిలో ఎక్కువ చోట్ల ఇటు నుంచి వచ్చి అటు పోయే పుల్ త్రూ సైట్లే, అక్కడ స్లైడర్ ఉన్నా లేకపోయినా ఒకటే. కదిలే భాగాలు ఎక్కువ కాబట్టి గ్రీజు ఎక్కువ, ఆ గ్రీజు ప్యాంటుకి అంటడం ఖాయం. నా హిచ్‌ని ట్రక్, ట్రైలర్ ఇంచుమించు ఒకే వరసలో ఉన్నప్పుడే విప్పాలి. వంకర సైట్లలో ఇది విసుగు. ధర మామూలు హిచ్‌కి రెట్టింపుకి దగ్గర.

బరువు ఇంకో సంగతి. రెండు వందల పౌండ్ల పైమాటే. ట్రక్ కొనేటప్పుడే ప్రెప్ ప్యాకేజ్ (హిచ్ కోసం కంపెనీయే చేసిన ఏర్పాటు) ఉన్నది ఏరుకుని తీసుకున్నాను, బెడ్‌లో నాలుగు పక్‌లు, అంటే హిచ్ కాళ్లు దిగే సాకెట్లు, వచ్చాయి. హ్యాండిళ్లు తిప్పితే హిచ్ ఊడుతుంది, బెడ్ ఖాళీ. చెప్పడానికి అంతే. ఎత్తేదెవరు? గ్యారేజీలో హాయిస్ట్ లేకపోతే ఇద్దరు గట్టివాళ్లు కావాలి. దాంతో అది సీజనంతా బెడ్‌లోనే ఉంటుంది, హోమ్ డిపోకి వెళ్లి మట్టి బస్తాలు తెద్దామంటే చోటుండదు. పక్‌ల కొలతలు ఫోర్డ్‌కి, ర్యామ్‌కి, జీఎమ్‌కి ఒకటి కావు, సెకండ్ హ్యాండ్‌లో హిచ్ కొనేవాళ్లు అది చూసుకోవాలి.

హిచ్ బరువు కూడా పేలోడ్‌లోంచే (ట్రక్ తన మీద మోయగల బరువులోంచే) పోతుందని గుర్తుంచుకోండి. ట్రైలర్ బరువులో 15 నుంచి 25 శాతం పిన్ మీద పడుతుంది. మాది నిండా సర్దితే 12,000 పౌండ్లు, అయిదో వంతు వేసుకుంటే 2,400. దానికి హిచ్, ఆరుగురు మనుషులు, అమ్మ పచ్చడి జాడీలు. డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ మీద అంకె చూసుకుని లెక్క వేయండి. మాది పెట్రోల్ (ఇక్కడ గ్యాస్ అంటారు) ఇంజన్ కాబట్టి ఏదో సరిపోయింది. అదే త్రీ క్వార్టర్ టన్ను తరగతి ట్రక్‌లో డీజిల్ తీసుకునుంటే ఇంజన్ బరువుకే పేలోడ్ తగ్గి, ఈ హిచ్ బదులు తేలికైన అల్యూమినియం దాని వైపు చూసేవాణ్ణేమో.

మళ్లీ కొంటానా అంటే, ఇదే ఇల్లు, ఇదే డ్రైవ్‌వే, స్టేట్ పార్కుల్లో చెట్ల మధ్య సైట్లంటే పడి చచ్చే ఇదే కుటుంబం అయితే కొంటాను, ఊడదీసే ప్లేటుతో. మీది లాంగ్ బెడ్ అయితే దీనికి డబ్బు తగలేయకండి. షార్ట్ బెడ్ అయినా పుల్ త్రూ సైట్లే బుక్ చేసుకునేవాళ్లకి మంచి ఫిక్స్‌డ్ హిచ్ చాలు, కాకపోతే కొన్న రోజే ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్లి, బయట ఒక మనిషిని నిలబెట్టుకుని, అద్దానికి ట్రైలర్ మూలకి మధ్య చోటు ఏ కోణంలో అయిపోతుందో మెల్లగా తిప్పి చూసుకోండి.