ఇంటి ఎలివేషన్ చూపించడానికి ఏఐ బొమ్మ మేలా, కంప్యూటర్‌లో 3డీ మోడల్ కట్టి దాన్నుంచి తీసే బొమ్మ, అంటే రెండర్ మేలా?

హైదరాబాద్ బోడుప్పల్‌లో 200 గజాలు, 30 బై 60 ప్లాట్, వెస్ట్ ఫేసింగ్, జీ ప్లస్ 2. మొదటి మీటింగ్‌లోనే ఓనర్ అంకుల్ "ప్లాన్ తర్వాత చూద్దాం బాబూ, బయట్నుంచి ఎట్లుంటదో చూపియ్యి ముందు" అన్నారు. సరే అని మాటలిస్తే బొమ్మ గీసే ఏఐ మిడ్‌జర్నీలో నాలుగు లైన్లు కొడితే కాసేపట్లోనే నాలుగు బొమ్మలొచ్చాయి, వాటిల్లో ఒకటి ఆంటీకి తెగ నచ్చేసింది. అదే నా పొరపాటు. అందులో అంత పెద్ద బాల్కనీ కింద ఒక్క పిల్లర్ లేదు, పైన ట్యాంక్ లేదు, స్టిల్ట్ పార్కింగ్ అసలే లేదు. మన ప్లాన్ దానికి తెలీదు కదా, మనం రాసిన మాటల్ని బట్టి అల్లేసింది. తర్వాత ఆ పిల్లర్ ఎందుకు తప్పదో ఆంటీకి చెప్పి ఒప్పించడానికి ఇంకో రెండు మీటింగులు పట్టాయి.

స్కెచప్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ కట్టి, రెండర్ తీసే సాఫ్ట్‌వేర్లు వీ-రేలోనో ఎన్‌స్కేప్‌లోనో చేస్తే మోడల్‌కే రెండ్రోజులు పోతుంది, నిజమే, కానీ లొకేషన్ హైదరాబాద్ పెట్టి తేదీ, టైమ్ ఇస్తే ఎండ ఎటు పడాలో అటే పడుతుంది. మే నెల సాయంత్రం 4 గంటలకి పెట్టి చూస్తే ముందు బెడ్‌రూమ్ కిటికీ మీద రెండడుగుల సజ్జా నీడ ఒకటిన్నర అడుగు దగ్గరే ఆగిపోయింది, కింద అద్దమంతా ఎండే. పడమటి ముఖం ఇంటికి ఇంతకన్నా ముఖ్యమైంది ఏముంది? అక్కడే ఎండకి అడ్డంగా నిలువు పలకలు (ఫిన్స్), జాలీ పెట్టాం. ఏఐ బొమ్మలో ఎండ అందంగా ఉంటుంది, అంతే, దాన్ని చూసి సజ్జా ఎంత ఉండాలో తేల్చలేం.

మధ్యలో ఇంకో దారి ఉంది, నాకు బాగా పనికొస్తోంది కూడా. స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఇంకో బొమ్మల ఏఐకి 2023లో కంట్రోల్‌నెట్ అనే జోడింపు వచ్చింది, మన స్కెచప్ వ్యూ ఇస్తే ఆ గీతల్ని పట్టుకుని మెటీరియల్స్, చెట్లు, వెలుతురు మార్చి ఇస్తుంది. మంచి గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే మన సిస్టమ్‌లోనే నడుస్తుంది, క్లయింట్ ప్లాన్ బయట సర్వర్‌కి పోదు. బయట గోడకి అతికించే క్లాడింగ్ రాయా, ఇటుకా, టెక్స్చర్ పెయింటా అని గంటలో పది రకాలు చూపించొచ్చు. కాకపోతే ఇంకో మూల నుంచి అదే ఇల్లు అడిగితే రెయిలింగ్ డిజైన్ మారిపోతుంది, కిటికీ రెక్కలు మూడున్నవి నాలుగైతాయి. వీ-రేలో ఆ బాధ లేదు, ఎన్ని యాంగిల్స్ తిప్పినా అదే ఇల్లు.

అందుకే ఇప్పుడు ప్లాన్ గీసి, పిల్లర్లు ఖాయమయ్యాకే ఏఐ తెరుస్తున్నా, అది కూడా రంగులు, రాళ్ళు తేల్చుకోడానికి. సైట్‌కి, మేస్త్రీ చేతికి మాత్రం మోడల్ నుంచి తీసిన రెండర్, పక్కన కొలతల డ్రాయింగ్, అంతే.