14 లక్షలకు ఏది మేలు: పాత బెంజా, పాత బీఎండబ్ల్యూనా, క్రిస్టానా?

మా బావమరిదికి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి. ఈసారి కౌంట్ బాగా వచ్చింది, చేతిలో 14 లక్షలు ఆడుతున్నాయి. "కొత్త క్రెటా కొంటే మా వీధిలో అది పదోది అవుతుంది బావా. అదే డబ్బుకి బెంజి వస్తోంది, చూడు" అని ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. 2014 మోడల్ ఈ-క్లాస్ (ఈ250 సీడీఐ), తమిళనాడు నంబరు, తెల్లగా మెరిసిపోతోంది. దాని కిందే అదే వయసు బీఎండబ్ల్యూ 520డీ, ఒక లక్ష తక్కువకి. వాళ్ళ నాన్న మాత్రం 2017 ఇన్నోవా క్రిస్టా తప్ప ఇంకోటి వద్దంటున్నాడు.

కొనే ధర చూస్తే మూడూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా ఆ తర్వాతే. కొత్తలో 50 లక్షలకు అటూ ఇటూ పలికిన బెంజి ఇప్పుడు 14కి దిగింది. దాని హెడ్‌లైటు ధర మాత్రం దిగలేదు. పైగా మనం ఉండేది నెల్లూరులో. క్రిస్టాకి ఏ తేడా వచ్చినా సాయంత్రానికి ఇంటికొస్తుంది. ఆ రెండింటికి సరైన కంప్యూటర్, చెయ్యి తిరిగిన మెకానిక్ కావాలంటే నేనైతే 175 కిలోమీటర్లు చెన్నైకే పోతాను. ఒంగోలు వాళ్ళు విజయవాడ పోవచ్చు, దూరంలో పెద్ద తేడా లేదు.

ఒకప్పుడు నాకూ ఒక జర్మన్ కారు ఉండేది, కంపెనీ పేరెందుకులెండి. ఒక రాత్రి నాయుడుపేట దాటాక గేరు మూడు దగ్గర బిగుసుకుపోయింది. ఆటోమేటిక్ బండిని తాడు కట్టి లాక్కుపోకూడదు, గేర్‌బాక్స్ పాడవుతుంది. కాబట్టి ఫ్లాట్‌బెడ్ లారీకి 9 వేలు. చెన్నైలో తేలిందేమంటే గేర్‌బాక్స్‌లో వైర్లు లోపలికి పోయేచోట ఒక ప్లాస్టిక్ ముక్క అరిగి ఆయిల్ కారుతోంది. ముక్క చిన్నదే. ఆయిల్, ఫిల్టర్, కూలీ కలిపి బిల్లు 62 వేలు, బండి అక్కడే పదకొండు రోజులు.

ఇక 520డీ. నడపడానికి మూడింట్లో ఇదే హుషారు, అందులో అనుమానం లేదు. భయమంతా దాని పాత ఎన్47 డీజిల్ ఇంజన్ టైమింగ్ చైన్‌తో, అంటే ఇంజన్ లోపలి భాగాలను ఒక లయలో తిప్పే గొలుసుతో. ఆ చైన్ ఇంజన్‌కి ముందు కాదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. మార్చాలంటే గేర్‌బాక్స్‌నో ఇంజన్‌నో కిందికి దించాల్సిందే. బయటి గ్యారేజీలో అయినా లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అడుగుతారు. చైన్ తెగితే ఇంజనే పోతుంది. 2011కి ముందు తయారైనవాటిలో ఈ జబ్బు ఎక్కువ, తర్వాతి వాటిలో తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ తర్వాత వచ్చిన బీ47 ఇంజన్ ఉన్న బండి దొరికితే కొంత నయం. 2018లో దక్షిణ కొరియాలో ఈ కంపెనీ డీజిల్ కార్లు వరుసగా తగలబడ్డాయి. ఇంజన్ పొగను చల్లబరిచి మళ్ళీ లోపలికి పంపే ఈజీఆర్ కూలర్ లీకే కారణమని తేలి, కంపెనీ పలు దేశాల్లో లక్షల కార్లను వెనక్కి పిలిచింది. మీరు చూస్తున్న బండికి ఆ రీకాల్ వర్తిస్తుందా, పని పూర్తయిందా అని ఛాసిస్ నంబరు ఇచ్చి షోరూమ్‌లో అడగండి. ఇక టైర్లు. రన్‌ఫ్లాట్ కాబట్టి ఒక్కోటి 20 వేలు దాటుతుంది, గాలిపోయినా కొంత దూరం పోవచ్చు. కానీ గుంటల గట్టు మీద రాయి తగిలి పక్క గోడ చిరిగితే పంక్చర్ షాపువాడు చేతులెత్తేస్తాడు.

బెంజికీ చైన్ వెనకవైపే, కానీ దాని మీద ఇంత గోల లేదు. దాని ఓఎం651 ఇంజన్ మొదటి సంవత్సరాల బండ్లలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయేవి, కంపెనీయే వేరే రకానికి మారింది. 2013 తర్వాతి బండి అయితే ఆ టెన్షన్ తక్కువ. ఒకవేళ పోతే ఒక్కోటి 30 నుంచి 45 వేలు, నాలుగుంటాయి. ఏడు గేర్ల ఆటోమేటిక్‌లో లోపలి ఎలక్ట్రానిక్ ప్లేటు చెడిపోవడం మామూలే, దానికి లక్ష దాకా పక్కన పెట్టుకోవాలి. మన రోడ్ల మీద ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లు, బుష్‌లు అరుగుతాయి, మొత్తం సెట్టుకి 60 వేల నుంచి లక్ష. ఇవన్నీ ఒకేసారి రావు. సర్వీసు కాగితాలు లేని బండికి మాత్రం మొదటి ఏడాదిలోనే రెండు మూడు వచ్చి కూర్చుంటాయి.

ఆడీ ఏ6 కూడా ఇదే ధరకి వస్తుంది. 2015కి ముందటి 2.0 డీజిల్‌లో మల్టీట్రానిక్ అనే గొలుసు రకం సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉంటుంది, దాన్ని బాగుచేసేవాళ్ళు తక్కువ. నేను ఆ జోలికి పోను.

క్రిస్టా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. 2.4 మాన్యువల్ అయినా, 2.8 ఆటోమేటిక్ అయినా ఊళ్ళో మెకానిక్‌లకి చెయ్యి అలవాటైన ఇంజన్లే. లోపల బెంజిలా ఉండదు, పెళ్ళికి పోతే ఎవరూ తల తిప్పి చూడరు. మా బావమరిదికి ఆ తల తిప్పడమే కావాలి, అదే గొడవ.

అందుకే వాడికి ఇలా చెప్పాను: బెంజే కావాలంటే 11, 12కి మించి పెట్టకు, మిగతాది రిపేరుకి బ్యాంకులో ఉంచు. అట్టా కుదరకపోతే మీ నాన్న మాట విను. 520డీకి దండం పెట్టు.

ఇంకో మాట, నెల్లూరుకి వచ్చే పాత కార్లలో చెన్నైవి బోలెడు. 2015, 2023 డిసెంబరు వరదల్లో అక్కడ ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి. నీళ్ళలో మునిగిన బండి అయితే లోపల దాక్కున్న భాగం మీద బురద గీత కనిపిస్తుంది. స్టెప్నీ గుంతలో, కార్పెట్ కింద వేలు పెట్టి చూడండి. సెంటు వాసన ఘాటుగా కొడితే ఇంకా గట్టిగా వెతకండి. కొన్నాక పాత ఆర్టీఓ ఇచ్చే అనుమతి కాగితం (ఎన్ఓసీ), ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కూడా ఉంటాయి, బేరంలోనే అవి కలుపుకోండి. ఢిల్లీ బండి చవగ్గా వస్తోందంటే, పదేళ్ళు దాటిన డీజిల్ అక్కడ తిరగకూడదన్న నిబంధన వల్లే; 2025లో సుప్రీంకోర్టు దాన్ని కొంత సడలించింది.

అన్నిటికంటే ముఖ్యం కోల్డ్ స్టార్ట్. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ని మన ముందే తిప్పించాలి. మొదటి రెండు మూడు సెకన్లు డాష్‌బోర్డు వైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు గరగర వినిపిస్తే అక్కణ్ణించి వచ్చేయాలి. వేడెక్కాక అది వినిపించదు.

ఆదివారం గూడూరులో ఆ తెల్ల ఈ-క్లాస్ చూడటానికి ఇద్దరం వెళ్ళాం. తొమ్మిదింటికి వస్తామని, అప్పటిదాకా బండి తీయొద్దని చెప్పి ఎనిమిదిన్నరకే దిగాం. కవరు ఇంకా కప్పే ఉంది. మా వాడు దాని కింద చెయ్యి పెట్టి బానెట్ తడిమి, నా వైపు చూశాడు. వెచ్చగా ఉంది.