ఐరిష్ మళ్లీ పట్టాలంటే: ఆన్‌లైన్ ట్యూషనా, గేల్టక్ట్ ప్రయాణమా?

దుబాయ్‌లోనో సిడ్నీలోనో ఉద్యోగం చేస్తూ, ఐర్లండ్ తిరిగెళ్లి ప్రైమరీ టీచర్ అవుదామనుకునే ఐరిష్‌వాళ్లకి అడ్డుపడేది సొంత భాషే. అక్కడి బడిచదువు చివరి పరీక్ష లీవింగ్ సర్ట్‌లో, హయ్యర్ లెవెల్ ఐరిష్ పేపర్లో హెచ్4 గ్రేడు, అంటే కనీసం 60 శాతం కావాలి. బడిలో ఏళ్ల తరబడి చదివిందే, వాడక తుప్పు పట్టింది.

ఆన్‌లైన్ ట్యూషన్‌తో ఉద్యోగం మానక్కర్లేదు. రాతకి ఇదే మేలు. ఈ భాషలో మాట మొదట్లోనే శబ్దం మారిపోతుంది: పడవ 'బాద్', నా పడవ 'మొ వాద్'. వ్యాసంలో ఇలాంటివి వారం వారం ఎవరో ఒకరు ఎర్రసిరాతో దిద్దాల్సిందే. యాప్‌లో ఆకుపచ్చ టిక్కులు చూసుకుని మురిసిపోతే పని జరగదు.

ఐరిష్ ఇంకా వాడుకలో ఉన్న పల్లెప్రాంతాలే గేల్టక్ట్. ఐర్లండ్ వాయవ్య మూలన డొనెగాల్‌లోని గ్లెన్‌కొలంకిల్‌లో 1984 నుంచి పెద్దవాళ్లకి వేసవి కోర్సులు నడుస్తున్నాయి. విమానం, బస కలిపితే జేబుకి చిల్లే. పైగా దక్షిణాది మన్‌స్టర్ యాస నేర్చినవాళ్లకి అక్కడి మాట మొదట్లో తికమక. అయినా పరీక్షలో 40 శాతం మార్కులు నోటిపరీక్షవే కాబట్టి, తడుముకోకుండా మాట్లాడటం అక్కడ వచ్చినంత త్వరగా జూమ్‌లో రాదు.

ఒక్కటే ఎంచుకోవాలంటే నా ఓటు ట్యూషన్‌కే. చెవికి కావలసింది 'రేడియో నా గేల్టక్టా' అనే ఐరిష్ భాషా రేడియో ఎక్కడున్నా ఉచితంగా ఇస్తుంది. సెలవులు, డబ్బులు ఉంటే మాత్రం పరీక్షకి ముందటి వేసవిలో గేల్టక్ట్ వెళ్లి రండి. నోటిపరీక్ష, రాతపరీక్ష వేర్వేరు తేదీల్లో ఉంటాయి. టికెట్ల లెక్క ఇప్పుడే వేసుకోండి.