జిప్సీలో 1.3 ఇంజన్‌కు వెబర్ 32/36: అసలు పని స్లో జెట్ దగ్గరే

పాత 970 సీసీ మారుతి జిప్సీలో 1.3 ఇంజన్ దించాక, దాంతో వచ్చిన కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) షాఫ్ట్ అరిగి లొడలొడలాడుతుంటే చాలామంది చూపు రెండు గొట్టాల వెబర్ 32/36 కార్బొరేటర్ మీద పడుతుంది. మంచి కార్బొరేటరే. కానీ డబ్బాలోంచి తీసి బిగించేస్తే కుదిరిపోయే వస్తువు కాదు.

రెండు లీటర్ల ఇంజన్లకు వాడేది కదా, చిన్న ఇంజన్‌లో పెట్రోలు తాగేయదా అన్న భయం అక్కర్లేదు. రెండు గొట్టాలూ ఒకేసారి తెరుచుకోవు. ముందు 32 ఎం.ఎం. గొట్టం తెరుచుకుంటుంది, దాని వెంచురీ (గొట్టం లోపలి ఇరుకు భాగం) 26 ఎం.ఎం. మాత్రమే. యాక్సిలరేటర్ సగం దాటి బాగా తొక్కితేనే 36 గొట్టం కదులుతుంది. మార్చాల్సింది జెట్లు, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ముక్కలు. నంబరు పెద్దదైతే రంధ్రం పెద్దది. సాధారణంగా 140 మెయిన్, 60 స్లో జెట్లతో వస్తుంది. మెయిన్ 130 లేదా 135 నుంచి, స్లో 55 నుంచి మొదలుపెట్టండి.

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. సుమారు 2,800 ఆర్‌పీఎం దాకా బండి నడిచేది దాదాపుగా స్లో జెట్ మీదే. క్లచ్ వదలగానే పికప్ తడబడితే మెయిన్ జెట్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. స్లో జెట్ మార్చడానికి పైమూత విప్పక్కర్లేదు, పక్కనున్న హోల్డర్ తిప్పితే చేతికొస్తుంది. మూత విప్పాల్సొస్తే గొట్టాల్లో గుడ్డ కుక్కండి. చోక్ రాడ్ క్లిప్పు చిన్నది, లోపల పడిందంటే మ్యానిఫోల్డ్ విప్పే పని.

ట్యూనింగ్‌కు ముందు వాల్వ్ క్లియరెన్సు, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూడండి. ఇంజన్ బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాక ఇంజన్ ఆపి, స్పీడ్ స్క్రూ (ఐడిలింగ్ వేగం సరిచేసేది) లివర్‌కు తగిలిన చోటు నుంచి ఒక చుట్టు బిగించండి. మిక్చర్ స్క్రూను (ఐడిలింగ్‌లో పెట్రోలు పాలు సరిచేసేది) మెల్లగా చివరిదాకా తిప్పి (గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది) రెండు చుట్లు వదలండి. స్టార్ట్ చేసి, ఐడిలింగ్ అన్నిటికంటే నున్నగా ఉన్న చోట ఆపండి. అది రెండున్నర చుట్లు దాటితే స్లో జెట్ చిన్నది, ఒకటిన్నరకు తక్కువైతే పెద్దది. స్పీడ్ స్క్రూ ఒకటిన్నర చుట్లు దాటితే తప్ప ఇంజన్ నిలబడకపోతే ఎక్కడో గాలి లాగుతోందని అనుమానించాలి.

ఆ గాలి చాలాసార్లు కార్బొరేటర్‌ను మ్యానిఫోల్డ్‌కు కలిపే అడాప్టర్ ప్లేట్ దగ్గర దూరుతుంది. కింది అలెన్ బోల్టులకు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులవకుండా రాసే జిగురు) రాయకపోతే కొన్నాళ్లకే వదులవుతాయి. అలాగని అతిగా బిగిస్తే బేస్ వంగి ప్యాకింగ్ పక్క నుంచి లాగుతుంది.

పెట్రోలు ప్రెషర్ 3.5 పీఎస్ఐ దాటకూడదు. దాటితే లోపలికొచ్చే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వ్ దాన్ని ఆపలేదు. ఐడిలింగ్‌లోనే వెంచురీలో పెట్రోలు కారుతుంది, వేడి మీద స్టార్ట్ అవ్వదు. గేజి పెట్టి కొలవండి, ఎక్కువుంటే రెగ్యులేటర్ పెట్టాల్సిందే.

మన వేడికి 32/36లో చేతి చోక్ ఉన్న డీజీవీ మోడల్ చాలు. కరెంటు చోక్ ఉన్న డీజీఈవీ కొంటే చోక్ వైరును ఇగ్నిషన్ కాయిల్‌కు కలపొద్దు, కీ ఆన్ చేస్తే 12 వోల్టులు వచ్చే చోటికి కలపండి. నకళ్లు చాలా ఉన్నాయి. కొత్తదాన్ని చేతిలోకి తీసుకుని షాఫ్ట్ అటూ ఇటూ ఊపి చూడండి, ఆడితే వద్దు.

ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు)తో ఇంజన్‌కు సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పాత పెట్రోలుతో కుదిరిన జెట్లే ఉంచితే దీంతో మిక్చర్ పలచబడుతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం అందదు. ప్లగ్గులు తెల్లబడుతుంటే ముందు స్లో జెట్, తర్వాత మెయిన్ ఒక్కో సైజు పెంచండి, పాత రబ్బరు పైపులూ మార్చేయండి.