నాలుగేళ్ళుగా అల్లాయ్ వీల్స్ కడుగుతున్నా: ఏది పనికొచ్చింది, ఏది దండగ

మా బండి 2021 ఆగస్టులో కొన్న ఐ20 ఆస్టా. 16 అంగుళాల డైమండ్ కట్ అల్లాయ్‌లు. ఇప్పటికి 52 వేల కిలోమీటర్లు తిరిగింది. మేం ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో, నా ఉద్యోగం గాజువాకలో. రోజూ రానూపోనూ 35 కిలోమీటర్ల పైమాటే, ఎన్ఏడీ జంక్షన్ దాటేదాకా బ్రేకు మీద నుంచి కాలు తియ్యనివ్వదు ట్రాఫిక్కు. సెలవొస్తే భీమిలి రోడ్డు, ఏడాదికి రెండుమూడుసార్లు అరకు ఘాట్. ఉప్పుగాలి, బ్రేకు పొడి, ఘాట్ దిగేటప్పటి వేడి, అన్నీ ఈ చక్రాలు చూశాయి. అయినా నాలుగింట్లో మూడు ఇంకా కొత్తవాటికి దగ్గరగానే ఉన్నాయి. నాలుగోది చెడింది. దాన్ని చెడగొట్టింది సముద్రమూ కాదు, ఘాటూ కాదు, పది నిమిషాల ఆసిడ్ వాష్.

ఆ కథ ముందు చెప్పేస్తా. 2022 జూలై వానల్లో బండి బురదకొట్టుకుపోయి ఉంటే దారిలో కనబడ్డ వాటర్ వాష్ దగ్గర ఆపాను. కుర్రాడు "చక్రాలు షోరూమ్‌లో ఉన్నట్టు చేసిస్తాను సార్" అన్నాడు. నేను టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పేరూ ఊరూ లేని తెల్ల డబ్బాలోంచి ఏదో పోసి ఎడమ వెనక చక్రం తోముతున్నాడు. రెండు గజాల దూరానికే ముక్కు మండింది. నిజం చెప్పాలంటే చక్రం ధగధగలాడింది కూడా. రెండోది మొదలుపెట్టేలోగా వాన దంచికొట్టడంతో చాల్లే అని డబ్బులిచ్చి వచ్చేశాను. ఆ వాన రాకపోతే నాలుగూ పోయేవి.

నెల తిరక్కుండానే ఆ చక్రం అంచున, అంతకుముందెప్పుడో ఫుట్‌పాత్ రాయి గీసుకున్న చోటు నుంచి, సాలెపురుగు దారాల్లాంటి తెల్ల గీతలు పాకడం మొదలైంది. తుడిస్తే పోవు. గోరుతో గీకితే తగలవు. అవి పైన లేవు మరి, క్లియర్ కోటు కింద ఉన్నాయి. డైమండ్ కట్ అంటే చక్రానికి రంగు వేశాక ముఖభాగాన్ని లేత్ మీద సన్నగా చెక్కుతారు. కంటికి కనబడే ఆ మెరుపు పచ్చి అల్యూమినియందే, దాన్ని కాపాడేది పైన కొట్టిన పల్చటి క్లియర్ కోటు ఒక్కటే. అది ఎక్కడ చిట్లినా తేమ, ఉప్పు లోపలికి దూరి అల్యూమినియం తెల్లగా పొడిబారుతుంది. ఆసిడ్ ఆ పనిని తొందర చేస్తుంది. ఘాటైన క్షారం కూడా తక్కువది కాదు, అల్యూమినియం ఆ రెండిటికీ కరిగే లోహం. బాత్రూమ్ టైల్స్ కడిగే ఆసిడ్‌నీ, డ్రైనేజీలో పోసే కాస్టిక్ పొడినీ చక్రాల దరిదాపులకి కూడా రానివ్వకండి.

బాగుచేయించాలంటే మళ్ళీ లేత్ మీద చెక్కి, మళ్ళీ కోటు కొట్టాలి. చెక్కిన ప్రతిసారీ కొంత లోహం పోతుంది కాబట్టి అది పదే పదే చేయించుకునే పని కాదు. అందుకే నేనింకా ఆగాను. పోయినేడు ఆ చక్రంలోనే గాలి వారం తిరిగేసరికి 33 నుంచి 27కి దిగడం మొదలైంది. మేకూ లేదు, ముల్లూ లేదు. పంక్చర్ షాపాయన నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూపించాడు. "టైరుకేం కాలేదు బాబూ, రిమ్ము అంచులోంచి పోతంది." టైరు విప్పితే, అది కూర్చునే చోట తెల్లటి పొక్కులు. ఎమెరీ కాగితంతో రుద్ది, సీలర్ పూసి మళ్ళీ ఎక్కించాడు. అప్పట్నుంచి గాలి నిలుస్తోంది. అదీ ఆసిడ్ పుణ్యమేనని ఒట్టేసి చెప్పలేను గానీ, మిగతా మూడింటికీ ఆ జబ్బు లేదు.

ఇక నేను వాడుతున్నవాటి సంగతి. అన్నిట్లోకీ డబ్బుకి తగ్గ పని చేసింది ఐరన్ రిమూవర్. నా దగ్గరున్నది సోనాక్స్ వీల్ క్లీనర్ ప్లస్, ఆసిడ్ లేని రకం, 500 మిల్లీలీటర్ల స్ప్రే సీసా. బ్రేకు పడ్డప్పుడల్లా డిస్కు నుంచీ ప్యాడ్ల నుంచీ రాలే ఇనుప రేణువులు వేడివేడిగా వెళ్ళి కోటుకి అతుక్కుంటాయి. తేమ తగలగానే తుప్పు పట్టి నారింజ రంగు చుక్కలవుతాయి. వాటిని షాంపూతో ఎంత తోమినా చెయ్యినొప్పే మిగులుతుంది. ఇది కొట్టిన రెండుమూడు నిమిషాలకి ఆ చుక్కల్లోంచి ఎరుపూ ఊదా కలిసిన రంగు కారుతుంది. మొదటిసారి చూసి మా అమ్మాయి "నాన్నా, బండికి రక్తం వస్తోంది" అని కేకేసింది. ద్రవం ఇనుముతో కలిస్తే వచ్చే రంగది. రంగు రాలేదంటే అక్కడ ఇనుము లేదని, ఇంక కొట్టడం దండగని అర్థం.

వాసన మాత్రం ఓర్చుకోవాలి. ఈ రకం ద్రవాలన్నిటిదీ అదే కంపు. మా ఆవిడ బాల్కనీలోంచే పసిగట్టి, "ఇది పార్లర్‌లో జుట్టు స్ట్రెయిటెనింగ్‌కి పూసేదాని వాసన కదండీ" అంది. నవ్వాను. తీరా చదివి చూస్తే ఆవిడదే కరెక్టు. పార్లర్ మందుల్లో ఉండే థయోగ్లైకోలేట్ జాతి రసాయనాలే ఈ క్లీనర్లలోనూ పనిచేసేది. గ్లౌజులు వేసుకోండి, ఎండలో వాడకండి, చక్రం మీద ఆరిపోనివ్వకండి. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ నెలనెలా కొట్టి సీసాలు ఖాళీ చేశాను. ఇప్పుడు మూడునాలుగు నెలలకోసారి, అరకు వెళ్ళొస్తే ఇంకోసారి, అదీ ముందు రెండు చక్రాలకే. బ్రేకు భారం ఎక్కువగా పడేది ముందు చక్రాల మీద. మా బండికి వెనక డ్రమ్ములు, పొడి చాలావరకు వాటి లోపలే ఉండిపోతుంది. ఇలా వాడితే ఒక సీసా ఏడాది దాటుతుంది.

ఘాట్ దిగి వచ్చిన రోజు ఎంత నల్లగా ఉన్నా చక్రాల జోలికి వెళ్ళను. కాలుతున్న డిస్కు మీద చన్నీళ్ళు పోస్తే అది వంకరపోయే ప్రమాదం ఉంది, క్లీనరేమో క్షణాల్లో ఆరి మరకలు కడుతుంది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున్నే, బండి కదపకముందు కడుగుతాను. వారం వారం చేసేది కూడా పొద్దున పూటే: మామూలు కార్ షాంపూ, చక్రాలకంటూ విడిగా ఒక బకెట్టూ గుడ్డా. బండి ఒళ్ళు తుడిచే గుడ్డతోనే చక్రం తుడిస్తే, చక్రం మీది ఇసుకే రేపు డోరు మీద గీతలు పెడుతుంది. నట్ల గుంటల్లోకి అంగుళం పెయింట్ బ్రష్షు చాలు. కడిగాక వీధి చివరిదాకా వెళ్ళి నాలుగుసార్లు బ్రేకు తొక్కి వస్తాను. బ్రేకులు తడిగా ఉండగా హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయడం నాకు నచ్చదు.

రిమ్ము లోపలి వైపు కడగడానికి పొడుగాటి మెత్తటి బ్రష్షు కొన్నాను. అంతకుముందు గట్టి ప్లాస్టిక్ కుంచెల బ్రష్షుతో వీరావేశంగా తోమితే, లోపల అంటించిన బ్యాలెన్సింగ్ వెయిట్లు రెండు ఊడిపోయాయి. నాకు తెలియనే లేదు. మర్నాడు అనకాపల్లి వైపు హైవే ఎక్కి 85 దాటగానే స్టీరింగు వణకడం మొదలైంది. బ్యాలెన్సింగ్ చేయిస్తే సరిపోయింది గానీ, అది తేలేదాకా సస్పెన్షనే పోయిందని ఒకటే టెన్షన్.

మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల కొలత, 900 దాటింది. ఆ నీళ్ళతో కడిగి ఆరబెడితే నల్ల రంగు భాగం మీద తెల్ల వలయాలు. మా బావగారు ఆర్ఓ ఫిల్టరు వృథా నీళ్ళు వాడమన్నారు. అదింకా ఘోరం, లవణాలు మరింత చిక్కబడ్డ నీళ్ళవి. ఏసీ గొట్టం కింద బకెట్టు పెడితే రాత్రికి అరబకెట్టు వస్తాయి, మీటరు పెడితే 30 లోపే. ఆఖరి కడుగు వాటితోనే. ఈ సమీక్షలో పైసా ఖర్చు లేని చిట్కా ఇదొక్కటే.

సిరామిక్ కోటింగ్ (చక్రం మీద పూస్తే గట్టి పొరలా ఆరే ద్రవం) గురించి అందరూ అడుగుతారు. 2023 జనవరిలో చక్రాలు విప్పి, ఎడమవైపు రెండిటికీ నేనే కోటింగ్ వేశాను. కుడివైపు రెండిటికీ మూడు నెలలకోసారి మామూలు స్ప్రే సీలెంట్, ఐదు నిమిషాల పని. తేడా చూద్దామనే అలా చేశాను. మొదటి ఆరు నెలలు ఎడమవైపు చక్రాల మురికి, నీళ్ళ పైపు పెడితే చాలు, జారిపోయేది, కుడివైపు గుడ్డ పెట్టాల్సి వచ్చేది. పది నెలలకల్లా ఏది ఏదో నాకే తెలియలేదు. చెడిన చక్రం మీద కోటింగ్ ఏమీ చేయలేకపోయింది, తెల్ల గీతలు దాని కిందే నిదానంగా పాకుతున్నాయి. రాయి గీతనీ అది ఆపదు. కొత్త చక్రాలకైతే, మొదటి నెలలోనే, వేసుకోండి. పాతబడ్డవాటికి సీలెంటే నయం. అయితే ఆ రోజు చక్రాలు విప్పడం వల్ల ఒక మేలు జరిగింది. ఒకటి హబ్‌కి (చక్రాన్ని బిగించే మధ్య భాగానికి) తుప్పుతో పట్టేసి ఎంత లాగినా రాలేదు. వైర్ బ్రష్షుతో హబ్ గీకి శుభ్రం చేశాను. అదే రాత్రిపూట హైవే మీద పంక్చరై ఉంటే నా గతేమిటి? బిగించేటప్పుడు నట్లు 11 నుంచి 13 కేజీఎఫ్-మీటర్ల టార్కు (బిగింపు బలం) మీద, ఎదురెదురుగా బిగించాలి.

దసరాకి ఆయుధపూజ తప్పదు, తప్పించను కూడా. పసుపు ఎండకి రెండుమూడు రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది, భయం లేదు. రంగు కలిపిన కుంకుమ మాత్రం తడి మీద పడితే గీతలున్న చోట ఇంకుతుంది. అందుకని బొట్లు టైరుకి పెట్టి, రిమ్ముని వదిలెయ్యమని అమ్మని బతిమాలుకున్నాను. నిమ్మకాయ నలిగి చిందిన రసం, కొబ్బరినీళ్ళు సాయంత్రానికల్లా కడిగేస్తా.

టైర్ షైన్ గురించి చెప్పడానికేం లేదు, రెండు రోజుల సోకు. డీజిల్‌తో టైర్లు తుడిచేవాళ్ళని మాత్రం ఆపండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కోటింగ్ మళ్ళీ వెయ్యాలా, ఎడమ వెనక చక్రాన్ని లేత్‌కి పంపాలా అన్నది సంక్రాంతి తరవాత చూస్తాను. మొన్న చక్రాల బకెట్టు పగిలింది, ముందు అది కొనాలి.